కొలనుపాక శాసనములు ఎవరి సొత్తు?

నల్లగొండ సీమనుగూర్చి పట్టణములలో చదువుకొన్నవారి నడుమ ప్రసంగము వచ్చినప్పుడెల్ల రెండు మాటలు తప్పక వినవచ్చుచుండును. ఒకటి కరవు, రెండవది వెనుకబాటు. ఇవి యబద్ధములని మేము వాదింపము. బండరాతి మెట్టనేల, నమ్మరాని వాన, ఎముకలను వంచు ఫ్లోరైడు నీరు ఈ సీమవారి నెంత కుంగదీసినవో మే మెరుగనివారము కాము. కాని యీ రెండింటికి తోడుగా పలుకబడు మూడవ మాట యొకటి గలదు; అదియే మాకు సహింపరానిది. "ఆ పల్లెలకు చరిత్ర యేమున్నది?" అనునదే యా మాట. కరవును దైవముమీదికి నెట్టవచ్చును, వెనుకబాటును దొరతనముమీదికి నెట్టవచ్చును. చరిత్ర లేదన్న మాటకు మాత్రము పలికినవారి యజ్ఞానము దక్క వేరు కారణము కానరాదు. ఈ మాట నాడినవారికి ఆలేరు ప్రాంత మొక్కటియే చాలినంత సమాధానము.

ఆలేరు పెద్ద పట్టణము కాదు. సికింద్రాబాదునుండి కాజీపేటకు బోవు రైలుమార్గమున భువనగిరికిని జనగామకును నడుమనున్న చిన్న స్టేషను. మూసీలో గలియు వాగు పేరే యూరికిని పేరు. మగ్గము, గీత, చెరువుక్రింది మడి, వానకెదురుచూచు మెట్టచేను ఇచ్చటివారి బ్రదుకుతెరువులు. ఇటీవల ఊరు పురపాలక సంఘమైనను చుట్టునున్న పల్లెల బ్రదుకు పల్లెబ్రదుకుగానే యున్నది. ఆ పల్లెలలో నొకటి, ఆలేటికి ఆరేడు కిలోమీటర్ల దూరమున నున్న కొలనుపాక. కల్యాణి చాళుక్యుల కాలమున నది "కొల్లిపాక ఏడువేల" నాటికి ముఖ్యస్థానము. రాజప్రతినిధులు కాపురముండి యేలిన కోట. మాళవమునుండి వచ్చి ఆరవ విక్రమాదిత్యుని కొలువున జేరిన పరమార జగద్దేవుడు ఈ నాటిని పాలించినవాడే.

ఈ యూరిని లోకము మరచినదా యనిన, లేదు. రాజేంద్రచోళుడు పదునొకండవ శతాబ్దిలో తాను గెలిచిన స్థలములను వరుసగా జెప్పుకొన్న ప్రశస్తిలో, సుళ్ళిచెట్లు చుట్టుకొన్న ప్రాకారము గల "కొల్లిప్పాక్కై" యని దీనిని పేర్కొనెను. ఆ ప్రశస్తి తమిళదేశపు గుళ్ళ గోడలమీద నేటికిని జదువవచ్చును. పదునాలుగవ శతాబ్దినాటి జైనాచార్యుడు జినప్రభసూరి తన వివిధతీర్థకల్పమున ఇచ్చటి మాణిక్యదేవుని తీర్థమునుగూర్చి ప్రత్యేకముగా వ్రాసెను. కన్నడదేశమున బాళెహొన్నూరు రంభాపురి పీఠమువారు తమ మూలాచార్యుడగు రేణుకాచార్యుడు కొల్లిపాక సోమేశ్వరలింగమునుండి యుద్భవించెనని స్మరించుచున్నారు. దూరదేశముల జైనులు పచ్చరాతి మహావీరుని దర్శించుటకు రైలెక్కి వచ్చుచున్నారు. తమిళశిల యెరిగిన యూరు, జైనగ్రంథ మెరిగిన యూరు, కన్నడ మఠ మెరిగిన యూరు. ఆలేటి బడిలో చదువు పిల్లలలో నెందరెరుగుదురో అడిగి చూడుడు! పెరటిచెట్టు మందునకు బనికిరాదన్న సామెతకు ఇంతకంటె దృష్టాంతము వెదకనక్కరలేదు.

ఈ మరపునకు మూల మేమి? సరిహద్దున బుట్టుటయే ఆ సీమ చేసిన నేరము. కల్యాణినుండి చూచువారికి అది తూర్పుకొస. చోళునకు అది పగవాని కోట. ఓరుగంటినుండి చూచినవారికి పడమటిదిక్కు. బహమనీలు, గోలకొండ సుల్తానులు, అసఫ్జాహీలు వరుసగా వచ్చిరి. ఎవరి పీఠము వారికి నడిబొడ్డు, ఆలేటి ప్రాంతము అంచు. ఈ కాలమునను ఆ గతి మారలేదు. నైజాము నాటికి నల్లగొండ జిల్లాలోనిదైన జనగామ తాలూకా తరువాత వరంగల్లులో జేరినది. 2016 అక్టోబరు 11న తెలంగాణమున జిల్లాలు పదినుండి ముప్పదియొకటి యైనప్పుడు జనగామ తానే జిల్లా యైనది, ఆలేరు యాదాద్రి భువనగిరిపాలైనది. పొరుగుననున్న గుండాల మండలమును నల్లగొండనుండి విడదీసి జనగామలో గలిపిరి. ప్రజలు మొరపెట్టుకొన్న పిమ్మట మరల భువనగిరి వైపునకు ద్రిప్పిరి. జిల్లా లేర్పడుట చెడ్డదని మా వాదము కాదు. కచ్చేరి దగ్గరయైన మేలే. కాని కచ్చేరి మారినప్పుడెల్ల కాగితములు బండ్లకెక్కును. కాగితములు బండ్లకెక్కినప్పుడెల్ల సరిహద్దు పల్లె తన సంగతి మొదటినుండి మరల విన్నవించుకొనవలసి వచ్చును. అట్టి పల్లెకు తన చరిత్ర తన చేతనుండుట వేడుక కాదు, అవసరము.

అసలు శాసనమనగా నేమి? రాజుల బిరుదములు, వంశావళులు చెక్కిన రాయి యని మనలో పలువురి తలంపు. బిరుదములు నాలుగు పంక్తులు, తరువాతిదంతయు దస్తావేజు. ఇచ్చినవాడెవడు, పుచ్చుకొన్నవారెవరు, ఏ నాటిలో ఏ యూరు, ఎన్ని మర్తురుల నేల, తూర్పున నేమి, పడమట నేమి, సుంకములో భాగమెంత, సాక్షులెవరు, దీనిని చెరచినవానికి బ్రాప్తించు పాపమెట్టిది. నేడు రిజిష్ట్రారు కచ్చేరిలో వ్రాయించు దానపత్రమునకు నిందు తక్కువైన దేమి? స్టాంపు కాగిత మొక్కటియే తక్కువ. ఎనిమిది, తొమ్మిది వందల యేండ్లనాటి యీ పత్రములు ఊరి నడుమ పట్టపగలు నిలబడియున్నవి. చదువుట రానివానికి ఇంటనున్న పట్టా యెట్టిదో, ఆ యూరికి ఈ రాళ్ళట్టివి. ఉన్నవని తెలియును, ఏమున్నదో తెలియదు.

పండితులు తమ పని చేయలేదని మేము నింద మోపము. మోపిన కృతఘ్నుల మగుదుము. హైదరాబాదు రాష్ట్రమున పురావస్తుశాఖ 1914లోనే యేర్పడినది. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారి పేర 1923లో స్థాపింపబడిన లక్ష్మణరాయ పరిశోధకమండలి, ధనబలము లేకున్నను దీక్షాబలముతో, 1935లో తెలంగాణ శాసనముల మొదటి సంపుటమును బ్రకటించినది. డాక్టరు పి. వి. పరబ్రహ్మశాస్త్రిగారి సంపాదకత్వమున నల్లగొండ జిల్లా శాసనములు పుస్తకరూపము దాల్చినవి. చదువువారు చదివిరి, అచ్చువేయువారు అచ్చువేసిరి. పిదప నేమైనది? ఆ పుస్తకములు నగరములోని బీరువాలకెక్కినవి. వానిలో మూలము కన్నడమునందో సంస్కృతమునందో పాత తెలుగునందో యుండును. పీఠికలు, సారాంశములు పెక్కు ఇంగ్లీషున నుండును. దానపత్ర మే యూరిదో ఆ యూరివారి భాషలో, ఆ యూరివారి చేతికందునట్లు వ్రాసి పంపు బాధ్యత ఎవరిదియు కాకపోయినది. నకలు తీసికొని పోయినవారు నకలు తిరిగి యియ్యలేదు. న్యాయస్థానములో నిట్లు జరిగిన, కక్షిదారుడు గుమాస్తాను ఊరకే విడుచునా?

"పాతరాళ్ళతో కడుపు నిండునా?" అని యడుగువారు గలరు. బీదల పక్షమున మాటలాడుచున్నట్లు వా రభినయింతురు గాన వారి ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పవలసియున్నది. అయ్యా, ఆలేటి రైతు కడుపు ఏ కాగితముమీద నాధారపడియున్నదో మీ రెరుగుదురా? నైజాము కాలపు సేత్వారు ఉర్దూలో నున్నది. ఫసలీ సంవత్సరముల లెక్కలు, పాత దస్తావేజులు ఉర్దూలో నున్నవి. 1954-55 నాటి ఖాస్రా పహాణీ నేటికిని తెలంగాణపు భూమి తగవులలో మూలస్తంభము. 2020లో ధరణి వచ్చినది, 2025లో భూభారతి వచ్చినది. పేర్లు మారినవి, యంత్రములు మారినవి. తగవు ముదిరినప్పుడు మాత్రము అందరును మరల ఆ పాత కాగితముకడకే పోవలసినవారు. దానిని చదువగలవారు తాలూకాకు పదిమంది యైన నున్నారో లేదో! చదువరాని దస్తావేజు గలవాడు చదివిపెట్టువాని దయమీద బ్రదుకవలెను. రాతిమీది యక్షరమును నిర్లక్ష్యము చేసిన యలవాటే కాగితముమీది యక్షరమును నిర్లక్ష్యము చేయించినది. తన శాసనమును చదివించుకొనదలచిన యూరు రేపు తన సేత్వారును కూడ చదివించుకొనును. కావున ఈ ప్రశ్న కడుపునకు సంబంధింపనిది కాదు. కేవలము కడుపునకు సంబంధించినదే.

రెండవ తెగవారు వేరు. వారికి రాళ్ళయందు ప్రేమ మిక్కుటము. కాని రాయి తమదే కావలెను. కన్నడమున చెక్కినది గనుక కన్నడిగులదని యొకరు, తెలుగునేలలో నున్నది గనుక కన్నడపు మాట యెత్తవలదని వేరొకరు; జైనులను శైవులు వెడలగొట్టిరని యొకరు, ఆ సంగతియే యెత్తవలదని మరియొకరు. వీరందరిని మేము కొలనుపాకకు బోయి చూడుమని ప్రార్థించుచున్నాము. సోమేశ్వరుని యావరణములో జైనశిల్పమును శైవశిల్పమును ప్రక్కప్రక్కన భద్రపరుపబడియున్నవి. ఆ దేవుని చుట్టు పలువృత్తుల, పలుకులములవారికి వేరువేరు మఠములు గలవు. ఏ కాలమున ఎవరు ఎవరిని బాధించిరో చరిత్రకారులు తేల్పవలసినదే. దాచవలసిన పని లేదు. కాని తొమ్మిదివందల యేండ్లనాటి తగవునకు నేటి పొరుగువానిని ముద్దాయిగా నిలుపుట యే ధర్మశాస్త్రమునందును లేదు. కన్నడమున శాసనము, సంస్కృతమున స్తోత్రము, ఉర్దూలో సేత్వారు, తెలుగులో జోలపాట: ఇవి నాలుగును ఒక్క సీమ సంపద. బతుకమ్మను పేర్చిన వాడకట్టువారే పీర్ల పండుగనాడు అలావె చుట్టు దిరుగు పల్లెలు తెలంగాణమున నెన్నియో గలవు. ఆ పల్లెలకు కలిసియుండుట యెట్లో నగరమువారు నేర్పనక్కరలేదు, విడదీయకున్న చాలును.

మూడవ తెగవారు సోమరులు. "ఇది ప్రభుత్వపు పని, నిపుణుల పని, మన కెందుకు?" అని వారందురు. ప్రభుత్వపు పని యని మేమును ఒప్పుకొందుము. మన రాజ్యాంగము 49వ యధికరణమున జాతీయ ప్రాముఖ్యము గల కట్టడములను కాపాడుట రాజ్యవిధి యని చెప్పినది. 2017లో తెలంగాణ శాసనసభ వారసత్వ పరిరక్షణకు బ్రత్యేకముగా చట్టము చేసినది. కాని ఆ రాజ్యాంగమే 51-ఎ యధికరణమున మన సమ్మిశ్ర సంస్కృతి వారసత్వమును ఆదరించి కాపాడుట ప్రతి పౌరుని ధర్మమని కూడ శాసించినది. డెబ్బదిమూడవ సవరణతో జేరిన పదునొకండవ షెడ్యూలులో గ్రంథాలయములు ఇరువదవ పద్దు, సాంస్కృతిక కార్యములు ఇరువదియొకటవ పద్దు. ఇవి గ్రామపంచాయతులకు అప్పగింపదగిన విషయములలో జేరినవి. చట్టమున పద్దు గలదు. పంచాయతి ఖాతాలో సొమ్ము లేదు. అమ్మ పెట్టదు, అడుక్కొని తిననీయదు! పంచాయతి అడుగదు, ప్రభుత్వము పెట్టదు, నడుమ సోమరి తన చేతులు కడుగుకొనుచున్నాడు.

సొమ్ము లేదన్న సాకును మే మంగీకరింపము. ఆలేటికి పొరుగుననే యున్న యాదగిరిగుట్టను ప్రభుత్వము కోట్లకు కోట్లు వ్యయపరచి పునర్నిర్మించినది. 2022 మార్చి 28న ఆ యాలయము భక్తులకు మరల దెరువబడినది. నరసింహస్వామి వైభవమునందు మాకు నసూయ లేదు. మేమును ఆ స్వామి భక్తులలోని వారమే. అయితే గుట్టకు బోవు రాజమార్గమునకు లభించిన శ్రద్ధలో వేయవవంతు కొలనుపాక శిలాక్షరమునకు లభించిన జాలును. ఒక శాసనమును కాగితముమీద సిరాతో నచ్చుతీసి, వాడుక తెలుగులో దాని తాత్పర్యము వ్రాయించి, ప్రక్కనొక పలక నిలుపుటకు ఏమంత ఖర్చగును? ఒక మంత్రి యూరేగింపునకు గట్టు తోరణముల వెలకంటె హెచ్చు కాదు.

చదువరులారా, ముఖ్యముగా పఠనాలయములలో నీ పత్రికను విప్పి చదువు సోదరులారా! మీ రెవరి వారసులో ఒకమారు తలచుకొనుడు. 1921లో హైదరాబాదు వివేకవర్ధినీ ప్రాంగణపు సభలో తెలుగున మాటలాడిన అల్లంపల్లి వేంకటరామారావుగారిని సభవారు గేలిచేసిరి. ఆ యవమానమునుండియే ఆంధ్రజనసంఘము పుట్టినది. తెలంగాణమున కవులే లేరన్న మాట పుట్టినప్పుడు సురవరము ప్రతాపరెడ్డిగారు వాగ్వాదముతో గాలము బుచ్చలేదు. 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించి మూడువందల యేబది నలుగురు కవులను సాక్షులుగా నిలిపిరి. అట్లే చరిత్ర లేదన్నవారికి జవాబు కోపము గాదు, సాక్ష్యము. సభ జరుపవలెనన్న అనుమతి గోరుమని గస్తీ నిషాన్ 53 గద్దించుచున్న కాలమున మన పెద్దలు ఊరూర పుస్తకపు బెట్టెలు మోసిరి. నేడు సభకు నిర్బంధము లేదు, పుస్తకమునకు నిషేధము లేదు. ఇంటిపన్నులో రూపాయి కెనిమిది పైసలు గ్రంథాలయ పన్నుగా మనమే చెల్లించుచున్నాము. ఆ యెనిమిది పైసలు ఏ బీరువాలో ఏ పుస్తకములుగా మారుచున్నవో యెన్నడైన నడిగితిమా?

ఇక నడుగవలసినవానిని స్పష్టముగా జెప్పెదము. మొదటిది: కొలనుపాకలోను, ఆలేటి చుట్టుప్రక్కల పల్లెలలోను ఉన్న ప్రతి శాసనముకడను, దాని కాలము, దాత, దానము, ఎల్లలు సులభమైన తెలుగున దెలుపు పలక యుండవలెను. రెండవది: అచ్చైన శాసన సంపుటముల ప్రతులును వాని తెలుగు తాత్పర్యమును ఆలేటి గ్రంథాలయమునందును, ప్రతి యున్నత పాఠశాలయందును, గ్రామపంచాయతి యందును ఉచితముగా నుంచవలెను. మూడవది: ప్రతి గ్రామపు సేత్వారు మొదలగు ఉర్దూ లెక్కలను తెలుగులోనికి దింపించి, ధ్రువీకృత ప్రతులను పంచాయతులకు బంపవలెను, ఉర్దూ నేర్చిన పెద్దలు జీవించియుండగనే ఈ పని జరుగవలెను. నాలుగవది: చెరువుపూడిక తీయునప్పుడును, పొలము దున్నునప్పుడును బయల్పడు శిల యేదైనను, పంచాయతి తీర్మానమును రసీదును లేక యూరు దాటిపోరాదు. ఐదవది: ఆలేటి బడులలో సంవత్సరమున కొకదినమైనను పిల్లలను తమ యూరి రాతికడకు గొనిపోయి చదివింపవలెను.

ఈ యైదింటిలో మూడింటికి ప్రభుత్వపు టుత్తరువు కావలెను. దానికై అర్జీలు వ్రాయుడు, సమాచార హక్కు చట్టము క్రింద ప్రశ్నలు పంపుడు, గ్రామసభలో తీర్మానములు చేయుడు. కడపటి రెండింటికి ఉత్తరువుతో బనిలేదు. రసీదు లేక రాయి కదలనీయమని గ్రామస్థులు పట్టుబట్టిన జాలును. ఒక యుపాధ్యాయుడు పూనుకొన్న జాలును. పట్టణపు వకీళ్ళు, పెన్షను పుచ్చుకొన్న యుద్యోగులు, కళాశాల విద్యార్థులు నెలకొక యాదివారము పల్లెకు బోయి ఒక్కొక శాసనపు టర్థమును, ఒక్కొక సేత్వారు పుటను గ్రామస్థులకు విప్పిచెప్పవచ్చును. ఇందు కుపన్యాసము లక్కరలేదు, పూలదండ లక్కరలేదు. చేతనొక పుస్తకమును, నేలమీద గూర్చుండు నోపికయు నున్న జాలును.

శాసనము లెవరి సొత్తని మే మీ వ్యాసమునకు బేరు పెట్టితిమి. రాజు సొత్తు కాదు. ఇచ్చి చేయి కడుగుకొన్నాడు. పండితుని సొత్తు కాదు. అతడు నకలు తీసినవాడు. ఒక మతమువారిది కాదు, ఒక భాషవారిది కాదు. పురావస్తుశాఖ కావలివాడు, కావలివాడు యజమానుడు కాడు. ఏ చెరువు పేరు, ఏ చేని యెల్లలు ఆ రాతిమీద గలవో, ఆ చెరువునీటిని ద్రావి ఆ చేను దున్నువారిది ఆ సొత్తు. హక్కుదారు డెవడో తేలినది గనుక ఇక స్వాధీనము మాత్రమే మిగిలియున్నది. వచ్చు గ్రామసభలో ఆలేటి పల్లెవారు మొదటి తీర్మానము దీనిగూర్చియే చేయుదురుగాక.